మాటకు మాట : కెరటాలు లేని సముద్రాలు

ఈ వారం ప్రశ్న అంగళ్లు నుంచి వచ్చింది. మదనపల్లె పక్కనున్న అంగళ్లు. "మా చుట్టుపట్ల రామసముద్రం ఉంది, పెద్దతిప్పసముద్రం ఉంది, కుప్పం వైపు పోతే పరమసముద్రం ఉంది. ఇన్ని సముద్రాలున్నా ఒక్కదాంట్లోనూ కెరటం లేదు. కోస్తా చుట్టాలు వచ్చినప్పుడల్లా నవ్విపోతున్నారు. ఇది మా పెద్దవాళ్లు గొప్పలకు పోవడమేనా?" అన్నది ఆ పాఠకుడి బాధ.

అయ్యా, మీరు బాధపడక్కర్లేదు. అంగళ్లు అంటే ఏమిటి? అంగడికి బహువచనం. నాలుగు అంగళ్లున్న చోటుకు అంగళ్లు అని పేరు వస్తే ఎవరూ నవ్వలేదు కదా! సముద్రం ఉన్న చోటుకు సముద్రం అని పేరు పెడితే మాత్రం నవ్వడమెందుకు? అక్కడ సముద్రం ఉంది కాబట్టే ఆ పేరు వచ్చింది. ఏ సముద్రం అన్నదే ఇక్కడ విషయం. నవ్వే చుట్టాలను కాసేపు కూర్చోబెట్టండి. మాట్లాడుకుందాం.

ముందు మన వెండితెర సముద్రాల సంగతి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పాత తరం వాళ్లలో చాలామంది సముద్రాన్ని మొదట చూసింది టూరింగ్ టాకీసు తెర మీదే. అది ఉప్పగా ఉంటుందని విన్నారేగానీ నాలిక మీద పెట్టుకుని చూసింది లేదు. ఆ తెర మీద సముద్రానికి ఎన్ని వేషాలో! "బాలనాగమ్మ" (1942) కాలంలో అది మాంత్రికుడి ప్రాణం దాచుకునే చోటు. ఏడు సముద్రాల అవతల, చెట్టు మీద, చిలకలో! అంటే సముద్రం అంటే 'అందనంత దూరం' అన్నమాట. "మరోచరిత్ర" (1978)లో బాలచందర్ విశాఖ తీరానికి తీసుకెళితే అది ప్రేమకు సాక్షి అయింది. విశ్వనాథ్ "సాగర సంగమం" (1983)లో అది కళకు మారుపేరు. అదే ఏడు తమిళం నుంచి డబ్బింగై వచ్చిన "ప్రేమసాగరం"లో అది కాలేజీ కుర్రాడి గుండె. కృష్ణవంశీ "సముద్రం" (1999) అని తిన్నగానే పేరు పెట్టేశారు. "ఉప్పెన" (2021) వచ్చాక అది కడుపుకోత. "దేవర" (2024)లో ఎర్రసముద్రం. "తండేల్" (2025)లో వేటకు పోయి పరాయి దేశపు చెరలో చిక్కిన జాలరి బతుకు.

ఇక మనిషి పేరులోనే సముద్రం ఉన్నవాళ్లు సముద్రాల రాఘవాచార్యులు. "భూకైలాస్" (1958), "నర్తనశాల" (1963) ఆయన కలం నుంచి వచ్చినవే. వారి అబ్బాయి రామానుజాచార్యులు కూడా సినీ రచయితే కావడంతో తండ్రి సీనియర్ సముద్రాల, కొడుకు జూనియర్ సముద్రాల అయ్యారు. మద్రాసు ఎదురుగా బంగాళాఖాతం ఒక్కటే ఉంటే, స్టూడియోల్లో మాత్రం రెండు సముద్రాలుండేవన్నమాట!

తెర దించి ఇప్పుడు నిఘంటువు తెరుద్దాం.

సముద్రం అన్న మాటను విడదీస్తే 'సం', 'ఉద' అని వస్తాయి. ఉద అంటే నీరు. నీళ్లన్నీ ఒకచోట చేరినది సముద్రం. అంతే! అందులో ఉప్పు లేదు, ఓడ లేదు, కెరటం లేదు. జలధి, వారిధి, అంబుధి, పయోధి, ఇవన్నీ 'నీళ్లను పట్టి ఉంచేది' అన్న అర్థంలో పుట్టినవే. (సందర్భం వచ్చింది గనుక ఒక మాట. వారిధి వేరు, వారధి వేరు. వారిధి సముద్రం, వారధి వంతెన. విజయవాడలో కనకదుర్గ వారధి మీద బస్సెక్కి పోవచ్చు. కనకదుర్గ వారిధి అని రాస్తే బస్సు మునుగుతుంది.)

సాగరం కథ ఇంకా బాగుంటుంది. సగర చక్రవర్తి కొడుకులు అరవై వేలమంది యాగాశ్వం కోసం భూమిని తవ్వుకుంటూ పోయారు. వాళ్లు తవ్విన గోతిలో నీరు నిండి సాగరమైంది. పురాణం సంగతి ఎలా ఉన్నా మాటలో ఉన్న అర్థం మాత్రం చూడండి. సాగరం అంటే మనుషులు పలుగూ పారా పట్టి తవ్వినది! అందుకే హైదరాబాదులో 16వ శతాబ్దంలో కట్టిన చెరువు హుస్సేన్‌సాగర్ అయింది. 1955లో శంకుస్థాపన జరిగిన కృష్ణా ప్రాజెక్టు నాగార్జునసాగర్ అయింది. వాటిని చూసి ఎవరూ నవ్వరు. రామసముద్రాన్ని చూసి నవ్వడానికి ఏ హక్కుంది?

అచ్చ తెలుగులో కడలి అంటాం. తమిళులు కడల్, కన్నడిగులు కడలు అంటారు. పల్లెల్లో సంద్రం అంటారు. ఇవి అందరికీ తెలిసినవే. ఇంకో మాట ఉంది. అది మీరు వారానికి రెండుసార్లయినా వాడుతూ ఉంటారు, సముద్రం అని తెలియకుండానే! "ఆ సినిమా చూసి మా ఆవిడ కన్నీరు మున్నీరుగా ఏడ్చింది" అంటారు. ఆ మున్నీరు ఏమిటనుకున్నారు? సముద్రమే! కన్నీరు సముద్రమైపోయిందని అర్థం. మూడు నీళ్లు కలిస్తే మున్నీరు. వాననీరు, ఏటినీరు, ఊటనీరు అని పెద్దలు చెప్తారు. మన పాత సినిమాల్లో సెకండాఫ్ మొత్తం హీరోయిన్ చేత మున్నీరే కార్పించారు. పాపం, ఆవిడకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఇక మాటల్లో దొర్లే సముద్రాలు. శతదినోత్సవానికి వచ్చేది జనసముద్రం. పెళ్లయిన మర్నాటి నుంచి ఈదేది సంసార సాగరం. ఎంత చేసినా లెక్కలోకి రాకపోతే సముద్రంలో ఇంగువ కలిపినట్లు. ఇంకాస్త మోటుగా చెప్పాలంటే సముద్రంలో కాకిరెట్ట!

సముద్రం అంకె కూడా అవుతుందంటే నమ్ముతారా? పాత శాసనాల్లో, పద్యాల్లో సంవత్సరాన్ని అంకెలతో కాకుండా మాటలతో చెప్పే పద్ధతి ఒకటుండేది. కన్నులు అంటే 2, బాణాలు అంటే 5. సముద్రాలు అంటే 4. కొన్నిచోట్ల 7. భాస్కరాచార్యుల లెక్కలో అయితే జలధి అంటే 1 పక్కన 14 సున్నాలు. అంటే కోటి కోట్లు! ఇప్పుడు పోస్టర్ల మీద కలెక్షన్లు వందల కోట్లు, వేల కోట్లు అని వేస్తున్నారు గదా, ఏదో ఒక రోజు మన నిర్మాతలు 'తొలివారం ఒక జలధి' అని వేయకుండా ఉండరు.

సరే, ఇక అసలు సంగతికి వద్దాం. మీ ఊళ్ల వెనకనున్న సముద్రం చెరువు.

పెద్ద వాగుకు అడ్డంగా, రెండు గుట్టల మధ్య మట్టికట్ట వేసి, లోపలి వైపు రాళ్లు పేర్చి, తూము పెట్టి, ఎక్కువైన నీళ్లు పోవడానికి మరవ కట్టి నిలబెట్టిన నీళ్లు. ఒక చెరువు మరవ పోతే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఆ కింది చెరువుకు. ఏ నదీ ఏడాది పొడుగునా పారని నేలలో మనుషులు కనిపెట్టుకున్న ఉపాయం ఇది. చిన్నదైతే కుంట, ఓ మోస్తరుదైతే చెరువు, కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించీ కనిపించనట్లుండేది సముద్రం. అంతేగానీ గొప్పలకు పోవడం కాదు. తెలంగాణలో కాకతీయుల కాలపు గణపసముద్రమూ ఇలాంటిదే.

మీ పెద్దతిప్పసముద్రం వైపే కందుకూరు దగ్గర వ్యాససముద్రం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గురువుగా కొలిచిన వ్యాసతీర్థులు కట్టించిన చెరువు అది. దానికొక కథ ఉంది. చెరువు పనిలో పెద్ద బండ ఒకటి అడ్డం పడిందట. వ్యాసతీర్థుల దగ్గర కనకదాసు అనే శిష్యుడు, కురబల బిడ్డ, మంత్రం ఉపదేశించమని వస్తే ఎవరో ఎగతాళికి 'కోణ' అన్నారట. కన్నడంలో కోణ అంటే దున్నపోతు. ఆయన దాన్నే మంత్రమనుకుని భక్తితో జపిస్తే యముడి దున్నపోతే వచ్చి నిలబడి ఏం పని చెప్తావన్నదట. ఆ దున్న చేత బండ తొలగించి చెరువు పూర్తి చేయించారట. అక్కడి తూముకు కనకదాసు పేరే వచ్చిందంటారు. కథే కావచ్చు. కానీ కథలో న్యాయం చూడండి. రాజగురువు పేరు చెరువుకు పోయింది, గొర్రెలు కాచే కులంలో పుట్టినవాడి పేరు తూముకు పోయింది. తూము లేకపోతే చెరువు ఎందుకు? పొలానికి నీళ్లు పారేది తూములోంచే గదా! అంగళ్లు ఉన్నది కురబలకోట మండలం. ఆ పేరులోనూ కురబలున్నారు. ఈ కథ చెప్పుకునే హక్కు మీకు అందరికన్నా ఎక్కువ.

కథ వద్దు, రుజువు కావాలంటారా? కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర రాతి శాసనం ఉంది. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడన్నా ఆయనే, కట్టించిన చెరువు. శాసనంలో దాని పేరు అనంతరాజ సాగరం. చూశారా, సాగరమే! రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని ఆ రాతి మీదే ఉంది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండట. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి, తియ్యని నీటి ఏరు, దగ్గర్లో రాయి దొరికే గని, పని తెలిసిన మనుషులు, ఇలా సాగుతుంది పట్టీ. తగలకూడని దోషాలు ఆరు. కట్టలో నీరు ఊరడం, చౌడునేల, నడిమధ్య తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఆరోది వింటే ఆశ్చర్యపోతారు. రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండడం! ఆరున్నర శతాబ్దాల కిందటే మనవాళ్లకు నీటి తగాదాల సంగతి తెలుసన్నమాట.

కట్టి వదిలేయడమూ లేదు. చెరువును కట్టి కాపాడేవాళ్లకు దశబంధం అని మాన్యాలిచ్చేవారు. సముద్రం అని పేరు పెట్టడం ఒక రోజు పని, దాన్ని సముద్రంగా ఉంచడం తరతరాల పని అని వాళ్లకు తెలుసు.

ఆ పని ఎంత బరువైనదో చెప్పే కథ అనంతపురం పక్కన ఉంది. బుక్కరాయల కాలంలో పండమేరుకు అడ్డంగా కట్ట వేశారు. ఒక కొసన అనంతసాగరం, ఇంకో కొసన బుక్కరాయసముద్రం వెలిశాయంటారు. రెండూ సముద్రాలే. ఆ అనంతసాగరం పేరే అనంతపురం అయిందంటారు. ఒక ఏడు కుండపోతగా వాన కురిసి కట్ట తెగబోయింది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేగానీ కట్ట నిలవదని గ్రామదేవత పలికిందట. పేరు ముసలమ్మే గానీ వయసు చిన్నది. చంకలో బిడ్డ. ఆమె అత్తమామలకు మొక్కి, భర్తకు చెప్పి, బిడ్డను అప్పగించి, గండిలోకి నడిచిపోయింది. చిత్తూరు బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డి కాలేజీలో చదువుకునే రోజుల్లో, 1899లో, ఈ కథనే "ముసలమ్మ మరణం" అనే కావ్యంగా రాశారు. తెలుగు కవిత్వం కొత్త దారి తొక్కడానికి తొలి అడుగుల్లో అదొకటి. బుక్కరాయసముద్రంలో ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు.

మనిషిని బలి అడిగే దేవత మాట మనకొద్దు. ఆ నమ్మకాన్ని మెచ్చుకోనూ అక్కర్లేదు. కానీ కట్ట తెగితే కింద ఎన్ని ఇళ్లు, ఎన్ని మళ్లు కొట్టుకుపోతాయో తెలిసిన జనం చెప్పుకున్న కథ అది. కెరటాలు లేకపోయినా ఆ సముద్రానికి ఆకలి ఉంది, కోపం ఉంది. సినిమాలో సముద్రానికున్నవన్నీ దీనికీ ఉన్నాయి. పైగా సినిమా సముద్రం ఒక్క ఎకరా కూడా తడపదు!

పురాణాల్లో ఏడు సముద్రాలు. ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్లు. విశాఖవాళ్లకు, మద్రాసువాళ్లకు దక్కింది మొదటిది, ఉప్పుది. మీకు దక్కింది ఏడోది, మంచినీళ్ల సముద్రం. ఏది తాగి బతకగలరో మీ చుట్టాల్నే అడగండి!

కుప్పం సంగతీ చెప్పాలి. మద్రాసు తీరంలో జాలరుల వాడలను కుప్పం అంటారు. మెరీనా పక్కన నొచ్చికుప్పం ఉంది. మన కుప్పానికి జాలరీ లేడు, వలా లేదు. మూడు భాషలు కలిసే చోటు కాబట్టి మాటలు మాత్రం ఒడ్డు మారుతూ ఉంటాయి. అదే కుప్పం రైల్వేస్టేషన్లో ఊరి పేరున్న పసుపు బోర్డు కింద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది. మదనపల్లె అయితే రెండు వేల అడుగులకు పైమాటే. కంటికి కనపడని సముద్రం మన ఎత్తును కొలిచే బద్దగా పనికొస్తోంది. ఇదింకో అర్థం.

మదనపల్లెకు సముద్రంతో ఇంకో బంధముంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ కళాశాల ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలు రాసి పెట్టారు. ఆ గీతంలో దేశపు సముద్రానికి కవి వాడిన మాట ఏమిటో గుర్తుందా? జలధి! నీళ్లను పట్టి ఉంచేది. ఉప్పునీటికి బహుదూరంలో, చుట్టూ చెరువులున్న ఊళ్లో కూర్చుని ఆయన ఆ మాటకు ఇంగ్లీషు వెతుక్కున్నారు.

ఇప్పుడు చివరి సంగతి, కాస్త చేదుది. నీళ్లు చేరితేనే సముద్రం. వాగు మూసుకుపోతే, లోపల పూడిక పేరుకుంటే, అంచుల్లో కంచెలు లేచి ప్లాట్ల రాళ్లు పాతితే ఏం చేరుతుంది? రాయలసీమలో చాలా చెరువుల గతి ఇదే. నీళ్లు పోయాక పేరు మాత్రం బస్సు బోర్డు మీద, ఓటర్ల జాబితాలో మిగులుతుంది. అప్పుడు చుట్టాలు నవ్వితే తప్పు వాళ్లది కాదు. పేరు పెట్టినవాళ్లదీ కాదు. వాళ్లు ఉన్నదాన్నే చెప్పి పోయారు. ఉన్నదాన్ని లేకుండా చేసుకున్నవాళ్ల మీదనే ఆ నవ్వు!

అలాగని ఆశ లేదనుకోకండి. 2025 ఆగస్టు చివర్లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్లు కుప్పం నియోజకవర్గంలోకి వచ్చాయి. ఏ చెరువు దగ్గర హారతి పట్టారనుకున్నారు? పరమసముద్రంలో! కృష్ణమ్మ మామూలుగా కిందికి పారి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ మెట్టు మెట్టుగా పైకెక్కి వచ్చి సముద్రంలో కలిసింది. కొండెక్కి సముద్రాన్ని చేరిన నది కథ ఏ స్క్రీన్‌ప్లే రచయితకూ తట్టి ఉండదు. వచ్చిన నీళ్లు నిలవాలంటే కట్ట, తూము, మరవ బాగుండాలి. అది మాత్రం ఊరివాళ్ల చేతిలో పని.

పాఠకులకు ఈ వారం పని. మీ ఊరి పేరులో సముద్రమో సాగరమో ఉంటే ఒక కార్డు ముక్క రాయండి. ఆ చెరువు ఎక్కడుంది, ఎవరు కట్టించారని చెప్పుకుంటారు, కిందటిసారి మరవ పోయింది ఏ ఏట? మూడో ప్రశ్నకు జవాబు తెలియకపోతే కార్డు పోస్టు చేసే ముందు ఒకసారి కట్ట మీదికి నడిచి వెళ్లి రండి.